అంబులెన్స్ దిగాక బెడ్ ఎక్కేదాకా: క్యాజువాలిటీ గుమ్మంలో టైమ్ పోకుండా ఏం చేయాలి?

"బండి పావుగంటలో వచ్చింది అన్నా, ఆస్పత్రి ముందరనే ముప్పావుగంట ఆగినం." ఈ మాట నాకు ఎన్ని మెసేజ్‌లలో వచ్చిందో లెక్కలేదు. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు అంబులెన్స్ వెనక భాగంలో ఈఎంటీగా (దారిలో పేషెంట్‌ను చూసుకునే టెక్నీషియన్‌గా) కూర్చున్నవాణ్ని కాబట్టి నన్ను అడుగుతారు. విడివిడిగా జవాబులిచ్చే బదులు అన్నీ ఒక్కచోట వరుసగా రాస్తున్నాను.

గుమ్మం దగ్గర పోయే టైమ్‌లో సగానికి పైగా ఇంటి నుంచి బయల్దేరకముందే ఖాయమైపోతుంది. అందుకే ఈ గైడ్‌లో ఆస్పత్రి కంటే ముందు మీ ఇల్లు వస్తుంది.

ఇప్పటికే ఆస్పత్రి ముందు నిలబడి ఇది చదువుతుంటే నేరుగా 7కి వెళ్లండి. ఇంట్లో తీరిగ్గా ఉంటే 2తో మొదలుపెట్టండి.

## 1. బండి ఎందుకు ఆగుతుంది?

అంబులెన్స్ ర్యాంపు మీద ఆగిన క్షణం నుంచి, పేషెంట్‌ను క్యాజువాలిటీ బెడ్ మీదకు మార్చి, డ్యూటీ డాక్టరో సిస్టరో ఈఎంటీ కాగితం మీద సంతకం పెట్టేదాకా పట్టే సమయమే అప్పగింత సమయం. బ్రిటన్‌లో దీనికి 15 నిమిషాల లక్ష్యం పెట్టుకున్నారు. అక్కడా అంబులెన్సులు గంటల తరబడి బారులు తీరుతూనే ఉన్నాయి. అంటే డబ్బున్న దేశాలకూ ఇది తేలని సమస్యే.

మన దగ్గర బండి ఆగడానికి నాలుగు కారణాలు:

- లోపల బెడ్ ఖాళీ లేదు.
- ఆస్పత్రి స్ట్రెచర్ దొరకలేదు, అంబులెన్స్ స్ట్రెచరే బెడ్ అయిపోయింది.
- ఆ జబ్బును చూసే డాక్టరో, పరికరమో ఆ ఆస్పత్రిలో లేదు.
- పేషెంట్‌కు ఏమైందో సరిగ్గా చెప్పే మనిషి పక్కన లేడు.

చివరి రెండూ చాలావరకు మీ చేతిలోవే. మొదటిది మీ చేతిలో లేదనుకుంటారు గానీ అదీ పూర్తిగా నిజం కాదు. వార్డులో బెడ్ ఖాళీ అయితే తప్ప క్యాజువాలిటీలో ఉన్నాయన పైకి వెళ్లడు, ఆయన వెళ్తే తప్ప బయట ఉన్నాయన లోపలికి రాడు. పొద్దున డిశ్చార్జ్ రాసినా, సాయంత్రం కారు వచ్చేదాకా బెడ్ మీదే కూర్చునే కుటుంబాలను ఎన్నో చూశాను. మీవాళ్లను డిశ్చార్జ్ చేసిన రోజు బెడ్ త్వరగా ఖాళీ చేసి బయట కుర్చీలో కూర్చోండి. ఆ గంట ర్యాంపు మీద ఇంకెవరికో కలిసొస్తుంది.

## 2. ఈ ఆదివారమే: ఒక ఫైలు, ఒక ఫొటో

ఇంట్లో షుగర్, బీపీ, గుండె, కిడ్నీ, ఆయాసం సమస్యలున్న పెద్దవాళ్లుంటే వాళ్ల పేరు మీద ఒక ప్లాస్టిక్ ఫైలు పెట్టండి. అందులో పైన ఒకే ఒక్క కాగితం ఉండాలి. పదేళ్ల రిపోర్టుల కట్ట ఇస్తే క్యాజువాలిటీలో తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ కాగితం మీద:

- పేరు, వయసు, తెలిస్తే బ్లడ్ గ్రూపు
- ఉన్న జబ్బులు, అయిన ఆపరేషన్లు, స్టెంట్ వేసి ఉంటే ఏ సంవత్సరం
- రోజూ వేసుకునే మందులు, మోతాదుతో సహా
- రక్తం పలచబడే మందు వాడుతున్నారా? ఎరుపు పెన్నుతో రాయండి.
- ఏ మందు పడదు
- ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు
- ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్, ఈఎస్‌ఐ, సీజీహెచ్‌ఎస్‌లలో ఏది ఉంటే దాని నంబరు

ఫైల్లో దీని కింద పాత ఈసీజీ ఒకటి, చివరి డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు చాలు. పాత ఈసీజీని చిన్నచూపు చూడకండి. ఇవాళ కనిపిస్తున్న గీత కొత్తదా, మూడేళ్ల నుంచీ ఉన్నదా అని డాక్టర్ తేల్చుకునేది దాంతోనే.

కాగితాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి పిన్ చేయండి. ఫైలు అల్మారాలో, తాళం చెవి ఊరెళ్లిన కోడలి దగ్గర ఉన్న ఇళ్లు నాకు తెలుసు.

అదే రోజు ఇంకో పని. మీ ఇంటికి దగ్గర్లోని రెండు మూడు ఆస్పత్రుల ఎమర్జెన్సీ డెస్క్ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రిసెప్షన్ నంబరు పనికిరాదు, "అపాయింట్‌మెంట్ కోసం ఒకటి నొక్కండి" అంటుంది. వెళ్లినప్పుడు క్యాజువాలిటీ సిస్టర్‌ను అడిగితే నేరుగా మోగే నంబరు ఇస్తారు.

## 3. 108కి ఫోన్ చేసినప్పుడు

108 ఉచితం. 112కి చేసినా సహాయం అందుతుంది. నాలుగు మాటలు చాలు: ఎక్కడ, ఎవరికి, ఏమైంది, స్పృహ ఉందా. వాళ్లు పెట్టేసేదాకా మీరు ఫోన్ పెట్టేయకండి. పేషెంట్ కదలక, ఊపిరి తీసుకోక ఉంటే ఛాతీ మీద ఎలా నొక్కాలో లైన్లోనే చెబుతారు.

అడ్రస్ చెప్పేటప్పుడు ఇంటి నంబరు కంటే గుర్తే మేలు. అత్తాపూర్‌లో అయితే పిల్లర్ నంబరు, అమీర్‌పేట్‌లో మెట్రో స్టేషన్, కాలనీలో కమాను పేరు చెప్పండి. రాత్రిపూట కాలనీ గేట్లకు గొలుసులు వేస్తారు కదా, ఒకరు పరుగెత్తి వెళ్లి తీయించి అక్కడే నిలబడాలి.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకో చిక్కు ఉంది. ఆరుగురు పట్టే లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి వాచ్‌మన్‌తో పైకి తెప్పించి పెట్టండి. ఛాతీనొప్పి ఉన్న మనిషిని "నాలుగు మెట్లే కదా నాన్నా" అని నడిపించొద్దు.

## 4. ఏ ఆస్పత్రికి? అసలు టైమ్ మిగిలేది ఇక్కడే

ర్యాంపు మీద ముప్పావుగంట ఆగి, ఆ తర్వాత "ఇక్కడ కాదు, ఫలానా చోటికి తీసుకెళ్లండి" అనిపించుకోవడం కంటే పెద్ద ఆలస్యం లేదు. దగ్గరి ఆస్పత్రి, సరైన ఆస్పత్రి ఒక్కటి కాకపోవచ్చు.

ఊపిరి ఆడకపోవడం, రక్తం ఆగకుండా పోవడం, స్పృహ లేకపోవడం, ఫిట్స్ ఆగకపోవడం: అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న క్యాజువాలిటీకే వెళ్లండి. ముందు ప్రాణం నిలబడాలి, తర్వాత మార్చుకోవచ్చు.

ఛాతీనొప్పి: 24 గంటలూ క్యాత్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు చూసి స్టెంట్ వేసే గది) నడిచే చోటికి. బోర్డు మీద "హార్ట్ సెంటర్" అని ఉన్నంత మాత్రాన రాత్రి రెండింటికి స్టెంట్ వేసే డాక్టర్ ఉంటారని కాదు. "ఇప్పుడు క్యాత్‌ల్యాబ్ టీమ్ ఉందా?" అని ఫోన్‌లోనే అడగండి.

మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం: పక్షవాతం అనుకుని కదలండి. సీటీ స్కాన్, దాన్ని చూసి నిర్ణయం తీసుకునే డాక్టర్, రెండూ ఉన్న చోటికే వెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఇస్తారు. అందుకే "చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు?" అనే ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోండి. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన టైమ్ లెక్కలోకి రాదు. రాత్రి పడుకునే ముందు బాగా ఉన్న టైమ్ చెప్పాలి.

పసిపిల్లలు: నీలోఫర్, లేదా పిల్లల ఐసీయూ ఉన్న ప్రైవేటు ఆస్పత్రి. పెద్దల ఐసీయూ ఎంత గొప్పదైనా రెండు కిలోల బిడ్డకు సరిపడా గొట్టాలు అక్కడ ఉండకపోవచ్చు.

కాన్పు: కోఠి, పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రులు. గర్భిణికి గుండె జబ్బో, ఫిట్సో తోడైతే అన్ని విభాగాలూ ఒకేచోట ఉన్న గాంధీ, ఉస్మానియా లాంటివి నయం.

రోడ్డు ప్రమాదం, కాలిన గాయాలు: గాంధీ, ఉస్మానియాలలో క్యాజువాలిటీ రాత్రింబగళ్లు నడుస్తుంది. తలకు దెబ్బ తగిలితే న్యూరోసర్జన్ అందుబాటులో ఉన్న చోటికే.

నిమ్స్ గురించి చాలామంది అడుగుతారు. పంజగుట్ట కదా, పక్కనే కదా అని నేరుగా వెళ్లిపోతారు. పెద్ద జబ్బులకు అన్ని జిల్లాల నుంచీ అక్కడికే వస్తారు కాబట్టి ఎమర్జెన్సీ బెడ్లు త్వరగా నిండిపోతాయి. ముందు ఫోన్ చేసి వెళ్లండి.

ఇంట్లో వాదన మొదలయ్యేది కూడా ఇక్కడే. మేనమామకు తెలిసిన డాక్టర్ ఒకచోట, అల్లుడి ఇన్సూరెన్స్ ఇంకోచోట. ఈఎంటీ బండిలో కూర్చుని వింటుంటాడు. నిర్ణయం ఒక్కరే తీసుకోవాలి, ఆ ఒక్కరు ఎవరో మామూలు రోజునే అనుకుని ఉండాలి. 108 సిబ్బంది ఒక ఆస్పత్రి పేరు సూచిస్తే కారణం అడగండి. ఆ రోజు ఎక్కడ బండ్లు బారులు తీరాయో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

## 5. దారిలో: ముందే ఫోన్ వెళ్లాలి

ఈఎంటీ పేషెంట్‌ను చూస్తుంటే బండిలో ఉన్న కుటుంబసభ్యుడు చేయాల్సిన పని ఇదొక్కటే. బంధువులకు ఫోన్లు తర్వాత చేసుకోవచ్చు. ఎమర్జెన్సీ డెస్క్‌కు చేసి ఇలా చెప్పండి:

"మేడమ్, 108లో వస్తున్నాం. 62 ఏళ్లు, మగమనిషి. పొద్దున 6:30 దాకా బాగున్నారు, 6:40కి ఎడమ చెయ్యి పడిపోయింది, మాట తడబడుతోంది. షుగర్ ఉంది. రక్తం పలచబడే మందు వాడట్లేదు. పదిహేను నిమిషాల్లో వస్తాం. సీటీ ఖాళీగా ఉందా?"

ఇరవై సెకన్లు పట్టదు. దీంతో మూడు పనులు జరుగుతాయి. సీటీ లేదంటే బండి అక్కడే దారి మార్చుకుంటుంది. ఉందంటే లోపల స్ట్రెచర్ సిద్ధమవుతుంది. "ఎవరు మాట్లాడారు?" అని గేటు దగ్గర అడిగితే చెప్పడానికి ఒక పేరు ఉంటుంది. ఫోన్ ఎత్తినవాళ్ల పేరు, టైమ్ రాసుకోండి.

ఈఎంటీకి కూడా తన కాల్ సెంటర్‌లోని డాక్టర్‌తో మాట్లాడే వీలుంటుంది. "అన్నా, ఆస్పత్రికి ముందే చెప్పిన్రా?" అని ఒకసారి అడగండి, తప్పేం లేదు.

ఇంకొకరు టూ వీలర్ మీద ముందు వెళ్లి ఓపీ చీటీ, రిజిస్ట్రేషన్ పని మొదలుపెడితే చాలా కలిసొస్తుంది. అంబులెన్స్ వెనకే లైట్లు వేసుకుని, హారన్ కొడుతూ వెంటపడే కారు మాత్రం వద్దు. అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మీ కారుకు ఎవరూ దారి ఇవ్వనక్కర్లేదు.

## 6. ర్యాంపు మీద మొదటి రెండు నిమిషాలు

బండి ఆగగానే నలుగురూ దిగి స్ట్రెచర్ చుట్టూ మూగుతారు. పని పంచుకోండి:

- ఒకరు పేషెంట్ తల దగ్గర, ఫైలు చేతిలో పట్టుకుని. కదలకూడదు.
- ఒకరు కౌంటర్ దగ్గర చీటీ, డబ్బు, కార్డులతో.
- మిగతావాళ్లు గేటు బయట.

"పేషెంట్‌తో ఒక్కరే" అని సెక్యూరిటీ అంటే ఆ ఒక్కరు జబ్బు గురించి తెలిసినవాళ్లే కావాలి. ఏడుస్తున్న అమ్మను లోపలికి పంపి, మందుల సంగతి తెలిసిన కోడలు బయట ఉండిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

స్ట్రెచర్ కోసం కొన్నిచోట్ల చేతిలో యాభయ్యో వందో పెట్టాల్సి వస్తుందని అంటారు. ఇచ్చినా మీ వంతు ముందుకు జరగదు. వంతును నిర్ణయించేది ట్రయాజ్, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే పద్ధతి.

## 7. ట్రయాజ్ దగ్గర: అర నిమిషంలో చెప్పడం

ట్రయాజ్ అంటే ముందొచ్చినవాళ్లకు ముందు అనే లెక్క కాదు, ఎవరి ప్రాణానికి ముప్పు ఎక్కువో వాళ్లకు ముందు. ఎరుపు అంటే వెంటనే, పసుపు అంటే కాసేపు ఆగొచ్చు, ఆకుపచ్చ అంటే కూర్చోవచ్చు. మీకు ఏ రంగు వచ్చిందో అడగండి. ఇంతమంది ఇన్ని గంటలు నిలబడతారు గానీ ఈ ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

ముందు ఈఎంటీని మాట్లాడనివ్వండి. బీపీ, నాడి, ఆక్సిజన్, షుగర్ అంకెలు, ఇచ్చిన మందులు ఆయన చెబుతాడు. ఆయన ఆగాక మీరు చేర్చాల్సినవి నాలుగే:

1. ఎప్పుడు మొదలైంది (గడియారం టైమ్‌లో)
2. అంతకుముందు మనిషి ఎలా ఉండేవారు (నడిచేవారా, మాట్లాడేవారా)
3. ఉన్న జబ్బులు, రక్తం పలచబడే మందు (ఎరుపు పెన్నుతో రాసింది)
4. పడని మందు

"నిన్న పెళ్లికెళ్లొచ్చాం, అక్కడ బిర్యానీ తిన్నారు, రాత్రి కొంచెం..." అని మొదలుపెడితే సిస్టర్ చూపు పక్క స్ట్రెచర్ మీదకు వెళ్లిపోతుంది. బిర్యానీ సంగతి అడిగితే చెప్పొచ్చు.

ఎరుపు వచ్చిందని అనుకుంటున్నా ఎవరూ కదలకపోతే, "చూడండి, చూడండి" అనకుండా ఒక లక్షణం, ఒక అంకె చెప్పండి. "సిస్టర్, ఇందాక 94 ఉన్న ఆక్సిజన్ ఇప్పుడు 86." ఈ వాక్యానికి తల తిప్పని సిస్టర్‌ను నేను చూడలేదు.

ఛాతీనొప్పి పేషెంట్ వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యంలో పాటించే ప్రమాణం. దానికి బెడ్ అక్కర్లేదు, అంబులెన్స్ స్ట్రెచర్ మీదే తీయొచ్చు. "బెడ్ వచ్చేలోగా ఈసీజీ తీస్తారా?" అని అడగండి.

## 8. బయట ఆగాల్సి వస్తే: సిలిండర్ లెక్క

ఒక రాత్రి నగరంలోని ఒక ఆస్పత్రి ర్యాంపు మీద ఆయాసంతో ఉన్న పెద్దాయనతో ఆగిపోయాను. నా ముందు రెండు బండ్లు. కొడుకు లోపల కౌంటర్‌లో ఆధార్ నంబరు గురించి గొడవపడుతున్నాడు. స్ట్రెచర్ దించాం కాబట్టి పెద్ద సిలిండర్ బండిలోనే ఉండిపోయింది, ఆయన కాళ్ల మధ్య ఉన్నది చిన్నది. గేజ్ మీద ముల్లు 30 దగ్గర ఉంది. నాకు ఒళ్లంతా చెమట.

లెక్క ఇలా ఉంటుంది. బి టైప్ చిన్న సిలిండర్ లోపలి పరిమాణం సుమారు 10 లీటర్లు. గేజ్ మీద అంకెను 10తో గుణిస్తే మిగిలిన ఆక్సిజన్ లీటర్లలో వస్తుంది. నిండుగా 150 ఉంటే 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతుంటే 150 నిమిషాలు. నా గేజ్ 30, అంటే 300 లీటర్లు, నిమిషానికి 8 చొప్పున 37 నిమిషాలు. అందులోనూ చివరి కొంచెం సరిగ్గా రాదు. స్ట్రెచర్‌ను మళ్లీ బండిలోకి ఎక్కించి పెద్ద సిలిండర్‌కు కలిపాను. కొడుకు బయటికొచ్చి "మళ్లీ ఎక్కడికి తీసుకుపోతున్నవ్?" అని నా మీద విరుచుకుపడ్డాడు. చెప్పి చేయాల్సింది, తప్పు నాదే.

మీరు చేయాల్సింది:

- స్ట్రెచర్ దించేముందు "సిలిండర్ ఎంతసేపు వస్తుంది తమ్ముడూ?" అని అడగండి.
- అర గంట కంటే తక్కువ అంటే ఆ మాట ట్రయాజ్ సిస్టర్‌కు చెప్పండి. లోపల గోడకున్న ఆక్సిజన్ పాయింట్ దగ్గరికి స్ట్రెచర్‌తోనే మార్చమని అడగండి.
- ప్రతి పది నిమిషాలకు అంకెలు చూడమని ఈఎంటీని అడిగి, టైమ్‌తో సహా కాగితం వెనక రాయండి.
- పేషెంట్‌కు నీళ్లు, టీ, మాత్రలు ఇవ్వకండి. మింగే శక్తి తగ్గి ఉండొచ్చు, ఆపరేషనూ అవసరం కావచ్చు.
- వాంతి వచ్చేలా ఉంటే ఈఎంటీకి చెప్పి పక్కకు తిప్పించండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిన మనిషిని మీరు తిప్పొద్దు.

మత్తుగా జారుకోవడం, పెదాలు నీలంగా మారడం, కొత్తగా ఫిట్స్, మళ్లీ రక్తం: ఈ నాలుగింటిలో ఏది కనిపించినా మీ వంతు కోసం ఆగకండి, గట్టిగా పిలవండి.

## 9. "బెడ్ లేదు" అంటే

ఆ మాటకు మూడు అర్థాలుంటాయి: క్యాజువాలిటీలో చోటు లేదు, ఐసీయూలో బెడ్ లేదు, వెంటిలేటర్ లేదు. ఏదో ముందు తేల్చుకోండి. వెంటిలేటర్ అవసరం లేని మనిషిని వెంటిలేటర్ లేదని తిప్పి పంపిన సందర్భాలు లేకపోలేదు.

తర్వాత వరుసగా అడగండి:

1. "డాక్టర్ గారు ఒకసారి చూశారా?" చూడకుండా గేటు దగ్గర సెక్యూరిటీ చెప్పిన మాట వైద్య నిర్ణయం కాదు.
2. "స్ట్రెచర్ మీదే ప్రథమ చికిత్స చేస్తారా?" ఐవీ లైన్ (నరంలోకి మందు ఎక్కించే గొట్టం), ఆక్సిజన్ పెట్టడానికి, ఈసీజీ, షుగర్ చూడటానికి బెడ్ అక్కర్లేదు.
3. "ఎక్కడ బెడ్ ఉందో మీరే కనుక్కుని, వాళ్లతో మాట్లాడతారా?"
4. "చూసినట్టు, పంపుతున్నట్టు కాగితం మీద రాసిస్తారా?"

చట్టం మీ వైపే ఉంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ప్రభుత్వ, ప్రైవేటు అనే తేడా లేకుండా ప్రతి డాక్టరూ వైద్యం చేయాల్సిందేనని చెప్పింది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కూడా, ఉన్న సిబ్బందితో, సౌకర్యాలతో పేషెంట్‌ను నిలకడ చేయాలంటుంది. "ఉన్న సౌకర్యాలతో" అనే మాట గుర్తుపెట్టుకోండి. లేని వెంటిలేటర్‌ను చట్టం పుట్టించలేదు.

ఎవరినీ కదిలించలేకపోతే ప్రభుత్వాస్పత్రిలో డ్యూటీ ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), ప్రైవేటులో డ్యూటీ మేనేజర్ ఎక్కడున్నారో అడగండి. ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెడితే మాత్రం డాక్టర్ పేషెంట్‌ను వదిలి తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. చేయి చేసుకుంటే వైద్య సిబ్బందిపై దాడులను అడ్డుకునే 2008 నాటి చట్టం కింద కేసు అవుతుంది. అప్పుడు పేషెంట్ పక్కన ఉండాల్సిన కొడుకు స్టేషన్లో ఉంటాడు.

## 10. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మార్చేటప్పుడు

ర్యాంపు మీద అన్నిటికంటే ఎక్కువసేపు ఆగే బండ్లు ఇవే. సాయంత్రం బిల్లు పెరిగిందని, రాత్రి పదకొండుకు వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌ను ప్రైవేటు అంబులెన్స్‌లో పెద్దాస్పత్రికి పంపుతారు. అక్కడ ఎవరికీ చెప్పి ఉండరు. చేతి పంపుతో గాలి నొక్కుతూ టెక్నీషియన్, పక్కన ఏం జరుగుతోందో తెలియని కుటుంబం.

బయల్దేరే ముందు ఈ ఆరూ పూర్తికాకపోతే బండి కదలనివ్వకండి:

- అవతలి ఆస్పత్రిలో ఏ డాక్టర్ ఒప్పుకున్నారు? పేరు, టైమ్
- ఏ బెడ్? ఐసీయూనా, వెంటిలేటర్ ఉందా?
- రిఫరల్ లెటర్: ఇచ్చిన మందులు, చివరి డోస్ టైమ్‌తో
- సీటీ, ఎంఆర్‌ఐ ఫిల్ములు లేదా సీడీ. రిపోర్టు ఒక్కటే చాలదు.
- బండిలో వెంటిలేటర్, సరిపడా ఆక్సిజన్. దారికి పట్టే టైమ్‌కు రెట్టింపు లెక్కేసుకోండి.
- పేషెంట్‌తో డాక్టరో, శిక్షణ ఉన్న టెక్నీషియనో

డాక్టర్ స్వయంగా డాక్టర్‌తో మాట్లాడాలి. "మీరే వెళ్లండి, చేర్చుకుంటారు" అనేది ఒప్పుకోలు కాదు. మీరే అడిగి బయటికొస్తుంటే, డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నట్టు సంతకం తీసుకుంటారు. అలాంటప్పుడు రిఫరల్ లెటర్ ఇవ్వకుండా వట్టి డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టొచ్చు. కనీసం మందుల చార్టు జిరాక్స్ అయినా అడిగి తీసుకోండి.

## 11. పోలీసు కేసు, డబ్బు

ప్రమాదం, విషం, కాలిన గాయాలు, కొట్లాట: ఇవి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు) కింద రాస్తారు. రాసేది రాస్తుండగానే వైద్యం మొదలవ్వాలి, పోలీసులు వచ్చేదాకా ఆపకూడదు. దారినపోతూ తీసుకొచ్చినవాళ్లు పేరు చెప్పాల్సిన పనిలేదు, ఆగాల్సిన పనీ లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో వచ్చిన 134ఎ సెక్షన్ వాళ్లకు రక్షణగా ఉంది.

రోడ్డు ప్రమాదమైతే, 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద నిర్దేశిత ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. "రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత (క్యాష్‌లెస్) చికిత్స పథకం కింద తీసుకోండి" అని పేరుపెట్టి అడగాలి.

ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, సందేహాలకు 104కి చేయండి. ఎమర్జెన్సీలో ముందు చికిత్స మొదలుపెట్టి అనుమతి ఫోన్‌లో తీసుకునే వీలుంది. కాబట్టి కార్డు ఇంట్లో మర్చిపోయామని బండి ఆపొద్దు.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాటు

పొరపాటు: 108 కోసం ఆగలేక ఆటోలో బయల్దేరి, సగం దారిలో 108కి మళ్లీ ఫోన్ చేయడం.
దిద్దుబాటు: ఫోన్ చేశాక బండి ఎంత దూరంలో ఉందో అడగండి. ఆటోలోనే వెళ్లాలని తేల్చుకుంటే 108ని రద్దు చేసి, ఎమర్జెన్సీ డెస్క్‌కు ముందే చెప్పండి.

పొరపాటు: ఒకరికి ఆరుగురు ఆస్పత్రికి ఫోన్ చేయడం.
దిద్దుబాటు: ఫోన్ చేసేది ఒక్కరే. మిగతావాళ్లు గ్రూపులో చదువుకుంటారు.

పొరపాటు: తెలిసిన నాయకుడితో ఫోన్ చేయించడం.
దిద్దుబాటు: కొన్నిసార్లు పనిచేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ నంబరు దొరికి, ఆయన లేచి, ఆయన పీఏ ఆస్పత్రికి చేసేలోగా ట్రయాజ్‌లో మీ వంతే వస్తుంది. ఆ ఇరవై నిమిషాలు పేషెంట్ పక్కన ఉండండి.

పొరపాటు: లక్షణాలు దాచడం. పురుగుమందు తాగిన కేసును "వాంతులు" అని చెబుతారు.
దిద్దుబాటు: ఆ డబ్బా, లేదా దాని లేబుల్ ఫొటో తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే విరుగుడు.

## 13. అప్పగింత అయిందని ఎప్పుడనుకోవాలి?

- పేషెంట్ ఆస్పత్రి బెడ్ లేదా ఆస్పత్రి స్ట్రెచర్ మీద ఉన్నారు
- ఆక్సిజన్ గొట్టం ఆస్పత్రి పాయింట్‌కు మారింది
- ఈఎంటీ కాగితం మీద ఆస్పత్రి వాళ్ల సంతకం పడింది, దాని కాపీ కేస్ షీట్‌లో చేరింది
- డ్యూటీ డాక్టర్ పేరు మీకు తెలుసు
- మందుల డబ్బా, కళ్లద్దాలు, పళ్లసెట్టు, బంగారం మీ చేతిలో ఉన్నాయి. ఉంగరం వాచిన వేలికి బిగుసుకుపోతుంది, ముందే తీయించండి.

ఇవన్నీ అయ్యాక చాలామంది ఈఎంటీ చెయ్యి పట్టుకుని "ఒక్క పది నిమిషాలు ఉండు తమ్ముడూ, వీళ్లు మళ్లీ వేరేచోటికి పొమ్మంటారేమో" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఆగిన రోజులున్నాయి. కానీ బండి అప్పటికే ఇంకో కాల్‌కు ఇచ్చి ఉంటుంది. నిజంగా వేరేచోటికి పంపాల్సి వస్తే, పంపే ఆస్పత్రే అంబులెన్స్‌ను ఏర్పాటు చేయాలని అడగండి, లేదంటే మళ్లీ 108కి చేయండి. వాళ్ల స్ట్రెచర్ మీద మీ దుప్పటి ఉంటే తీసేసుకోండి, ఈఎంటీని వెళ్లనివ్వండి.